బూజుకర్ర పట్టేముందు వరండా లైటు మార్చండి: శరత్కాలంలో ఇంట్లోకి సాలీళ్ళు రాకుండా ఏం చేయాలి

పెత్తరమాస దాటి, దసరా పది రోజుల్లో ఉందనగా మన ఇళ్ళల్లో బూజుకర్ర బయటికొస్తుంది. ఒక రోజంతా దులిపి, కడిగి, అమ్మయ్య అనుకుంటాం. దీపావళికి ప్రమిదలు తీసేసరికి వరండా మూలల్లో, కిటికీ సజ్జల కింద, ట్యూబ్‌లైటు చుట్టూ మళ్ళీ సాలెగూళ్ళు. మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఇదే వరస. మాది పశ్చిమ గోదావరి వైపు, ఊరి చివర ఇల్లు. ప్రహరీ దాటితే వరిచేను. ఒక ఏడాదైతే దసరాకీ కార్తీక పౌర్ణమికీ మధ్య నాలుగుసార్లు దులిపాను. భుజాలు పడిపోయాయి కానీ సాలీళ్ళు తగ్గలేదు.

మరుసటేడు దసరా సెలవుల్లో వరండాలో ట్యూబ్‌లైటు మాడిపోయింది. షాపులు మూసి ఉన్నాయని ఇంట్లో ఉన్న పాత పసుపు బల్బు పెట్టాం. అది నెల రోజులు అలాగే ఉండిపోయింది. ఆ నెలలో వరండాకి బూజు పట్టింది చాలా తక్కువ. తెల్ల లైటు ఉన్న పెరటి వైపు మాత్రం మామూలే. ఇన్నాళ్ళూ నేను పనిని చివరి నుంచి మొదలుపెడుతున్నానని అప్పుడర్థమైంది. దులపడం ఆఖరి పని. దానికి ముందు లైటు, కంతలు, సామాను చూసుకోవాలి. ఆ వరసలో చేసినప్పటి నుంచి దసరాకి ఒకసారి, తర్వాత ఒకసారి దులిపితే సరిపోతోంది. ఎలాగో ఒక్కొక్కటే చెప్తాను.

ఈ కాలంలోనే ఎందుకు వస్తాయి

సాలీడుకి మన ఇంటితో పనిలేదు. మన ఇంటికి వచ్చే పురుగులతో పని. ఆశ్వయుజ, కార్తీక మాసాలు వచ్చేసరికి సార్వా (వానాకాలపు పంట) వరి పొట్ట మీదో, ఈనే దశలోనో ఉంటుంది. వానాకాలమంతా చేలల్లో పెరిగిన పురుగు అప్పటికి లెక్కలేనంత అవుతుంది. దీపావళి రోజుల్లో లైటు కింద కుప్పలుగా రాలే చిన్న ఆకుపచ్చ పురుగులు మీరు చూసే ఉంటారు. రైతులు వాటిని పచ్చదీపపు పురుగులంటారు. పేరులోనే దీపం ఉంది. వాటితోపాటు రెక్కల పురుగులు, దోమలు, చిన్న చిన్న పెంకు పురుగులు అన్నీ వెలుతురు వెంట వస్తాయి. తిండి ఎక్కడ కుప్పపడితే సాలీడు అక్కడ వల కడుతుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. వానల్లో పుట్టిన పిల్ల సాలీళ్ళు ఈ రోజులకి పెద్దవవుతాయి. ఎదిగిన మగ సాలీళ్ళు తమ గూడు వదిలేసి ఆడవాటిని వెతుక్కుంటూ తిరుగుతాయి. అందుకే రాత్రిపూట గోడ మీద, బాత్రూములో ఉన్నట్టుండి ఒకటి కనబడి గుండె జల్లుమంటుంది.

నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళకి అసలు వానలు ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు చివర, నవంబరులోనే పడతాయి. కాబట్టి అక్కడివాళ్ళు నేను చెప్పే పనులు దసరాకి ఒకసారి చేసి ఊరుకోకుండా, వానలు వెనకబట్టాక ఇంకొకసారి చూసుకోవాలి.

ముందు మీ ఇంట్లో ఏది ఉందో చూడండి

అన్ని సాలీళ్ళకీ ఒకే మందు పనికిరాదు. మన ఇళ్ళల్లో ఎక్కువగా కనబడేవి మూడు నాలుగు రకాలు.

బూజు పెట్టేది ప్రధానంగా పొడుగుకాళ్ళ సాలీడు. వెంట్రుకల్లాంటి సన్నటి కాళ్ళు, చిన్న బూడిదరంగు ఒళ్ళు. మూలల్లో, మంచం కింద, బీరువా వెనక చిందరవందరగా వల కట్టి తలకిందులుగా వేలాడుతుంది. వేలితో ముట్టుకోబోతే వలలోనే ఒళ్ళంతా గిరగిరా ఊపేస్తుంది. మనిషికి హాని లేదు, పైగా దోమల్ని పట్టి తింటుంది. కానీ ఆ పాతవలలకి దుమ్ము, పొయ్యి మసి పట్టి నల్లగా వేలాడేదే మనం దులిపే బూజు.

రెండోది అరచేతంత వెడల్పుండే గోధుమరంగు సాలీడు. ఒళ్ళు బల్లపరుపుగా ఉంటుంది, ముఖానికి లేత రంగు పట్టీ ఉంటుంది. ఇది వల కట్టదు. రాత్రిపూట తిరిగి బొద్దింకల్ని వేటాడుతుంది. కనుక ఇది తరచుగా కనబడుతోందంటే ఇంట్లో బొద్దింకలున్నాయని అర్థం. దీనికి బూజుకర్రతో పనిలేదు. బొద్దింకల సంగతి చూడాలి.

మూడోది గోడ మీద గెంతుతూ తిరిగే చిన్న సాలీడు. ముందువైపు రెండు పెద్ద కళ్ళతో మనవైపు తిరిగి చూస్తుంది. ఈగల్ని పడుతుంది. వల కట్టి బూజు పెట్టదు. నేను దాన్ని వదిలేస్తాను, మీరూ వదిలేయమని చెప్తాను.

ఇంకా గోడ మీద రూపాయి బిళ్ళంత తెల్లటి పొర కట్టి, దాని కింద నక్కే బుల్లి సాలీడు ఒకటుంది. సున్నం గోడల మీద చుక్కల్లా కనబడేవి ఆ పొరలే. పొడిగుడ్డతో తుడిస్తే పోతాయి.

మొదటి పని: లైటు

ఒక సాయంత్రం ఏడింటికి వరండాలో కుర్చీ వేసుకుని పావుగంట కూర్చోండి. ఏ లైటు చుట్టూ పురుగులు ఎక్కువగా తిరుగుతున్నాయో చూడండి. ఆ లైటుకి రెండు మూడు అడుగుల లోపే మీ ఇంటి బూజులో సగం ఉంటుంది. పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నా తప్పులేదు. ఈ పావుగంట చాలామంది వదిలేస్తారు. నా మటుకు నాకు అన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే.

పురుగుల కళ్ళకి నీలం వెలుగు, మనకి కనబడని అతినీలలోహిత కాంతి బాగా ఆనతాయి. పాత ట్యూబ్‌లైట్లలో, తెల్లటి సీఎఫ్‌ఎల్ బల్బుల్లో ఆ వెలుగు ఉంటుంది. తెల్లటి ఎల్ఈడీల్లో అతినీలలోహితం లేకపోయినా నీలం పాలు ఎక్కువ. అందుకని గుమ్మం దగ్గర, వరండాలో, పెరట్లో పసుపు వెలుగు ఇచ్చే ఎల్ఈడీ పెట్టండి. షాపులో 'వార్మ్ వైట్' అని అడగండి. డబ్బా మీద 2700కె గానీ 3000కె గానీ ఉండాలి. 6500కె అని ఉంటే అది తెల్లటిది, బయటకి వద్దు. పురుగులు పూర్తిగా రాకుండా ఉండవు, కానీ బాగా తగ్గుతాయి.

వీలైతే లైటు చోటు కూడా మార్చండి. తలుపు నెత్తిన లైటు ఉంటే తలుపు తీసినప్పుడల్లా పురుగులు లోపలికే వస్తాయి. అదే లైటుని ఆరేడు అడుగుల దూరంలో గేటు స్తంభానికి పెట్టి, వెలుగు గుమ్మం మీద పడేట్టు తిప్పితే మనకి వెలుతురు అందుతుంది, పురుగులు అక్కడే ఆగిపోతాయి. వైరు ఇంకో నాలుగు గజాలు పడుతుంది, అంతే ఖర్చు.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా పురుగుల ఉధృతి ఎక్కువ. ఆ రెండున్నర గంటలు ముందుగది కిటికీలకి కర్టెన్లు వేసేయండి. లోపలి తెల్ల లైటు బయటికి కనబడితే, బయట మార్చిన బల్బు వల్ల లాభం సగమే. సంధ్యవేళ తలుపులు వేసి ఉంచకూడదని మా అమ్మ పట్టుబట్టేది. ఆ వేళకి తలుపు తీసి, లోపలి పెద్ద లైటు ఆర్పి, దేవుడి దగ్గర దీపం ఒక్కటి ఉంచే అలవాటు చేసుకున్నాం. దీపం పెట్టే వేళా గడుస్తుంది, పురుగులూ లోపలికి రావు. కార్తీకమాసంలో గడపకి అటూ ఇటూ పెట్టే ప్రమిదల గురించి టెన్షన్ పడకండి. నూనె దీపం వెలుగుకి వచ్చే పురుగులు కొద్దే.

పక్కనే చేను ఉండి పురుగు మరీ ఎక్కువగా ఉంటే, రైతులు పెట్టే దీపపు ఎర ఇంటికి కూడా పనికొస్తుంది. ఇంటికి దూరంగా, పెరటి చివర ఒక తెల్ల బల్బు వేలాడదీసి, కింద వెడల్పు తొట్టిలో సబ్బునీళ్ళు పోసి ఉంచండి. ఏడు నుంచి తొమ్మిది దాకా చాలు. రాత్రంతా ఉంచితే మంచి పురుగులు కూడా ఎక్కువగా పోతాయి. తెల్లారాక ఆ నీళ్ళు పారబోయడం మరిచిపోవద్దు, లేకపోతే కంపు కొడతాయి.

రెండో పని: కంతలు మూయడం

పట్టపగలు గదిలో లైటు ఆర్పి, తలుపు వేసి, లోపల నిలబడి చూడండి. ఎక్కడి నుంచి వెలుతురు గీతలా వస్తోందో అక్కడ నుంచే పురుగు వస్తుంది, దాని వెనక సాలీడు వస్తుంది. తలుపు కింద సందు, ద్వారబంధానికీ గోడకీ మధ్య పగులు, కిటికీ రెక్కల మూలలు, ఏసీ పైపు పోయే రంధ్రం, ఎగ్జాస్ట్ ఫ్యాను కంత, వంటింటి వెంటిలేటరు. ఎక్కువ ఇళ్ళల్లో ఇవే.

తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ షాపుల్లో దొరుకుతుంది. మేము పాత సైకిల్ ట్యూబు నిలువుగా కోసి, తలుపు అడుగున చిన్న మేకులతో కొట్టాం. ఐదేళ్ళు దాటింది, ఇంకా అలాగే ఉంది. గడప లేని తలుపులకి ఇది తప్పనిసరి. ద్వారబంధం పక్క పగుళ్ళకి వైట్ సిమెంట్ గానీ పుట్టీ గానీ పెట్టండి. ఏసీ పైపు రంధ్రాన్ని చాలా చోట్ల బిగించినవాళ్ళు అలాగే వదిలేసి పోతారు. బయట నుంచి ఎం-సీల్ లాంటిది కుక్కి మూసేయాలి. వెంటిలేటరుకి, ఎగ్జాస్ట్ ఫ్యానుకి దోమల మెష్ బిగించండి. ఎగ్జాస్ట్ ఫ్యాను మెష్‌కి జిడ్డు పట్టి గాలి ఆడదు కనుక నెలకోసారి వేడినీళ్ళతో కడగాలి.

బాత్రూము, వంటింటి నీళ్ళు పోయే నహానీ ట్రాప్‌కి జల్లెడ మూత సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. బొద్దింకలు వచ్చే పెద్ద దారి అదే. అరచేతంత సాలీడు మీ బాత్రూములోనే ఎక్కువగా కనబడుతుంటే కారణం ఇక్కడే ఉంటుంది.

పెంకుటిల్లు ఉన్నవాళ్ళకి కంతలన్నీ మూయడం కుదరని పని. పెంకుల సందుల్లో గాలి ఆడాలి కూడా. మీరు లైటు మీద, దులపడం మీద ఎక్కువ దృష్టి పెట్టండి.

మూడో పని: సామాను

సాలీడుకి కదలని చోటు కావాలి. ఆర్నెల్లు ఎవరూ ముట్టుకోని అటక, మంచం కింద పాత పుస్తకాల మూట, మూలన చుట్టిపెట్టిన చాపలు, గోనెసంచులు, ఖాళీ అట్టపెట్టెలు. వీటిలో పారేసేవి పారేయండి, ఉంచేవాటిని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టండి. బీరువా, ఫ్రిజ్, సోఫాలని గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా జరిపితే వెనకాల చీపురు ఆడుతుంది.

బయట గోడకి ఆనించి కట్టెలు, కొబ్బరి మట్టలు, పాత పెంకులు, ఇటుకలు పేర్చకండి. కనీసం ఏడెనిమిది అడుగుల దూరం ఉండాలి. కట్టెల్లో ఎన్నెన్ని జీవాలు ఉంటాయో చెప్పడానికి ఒక సంగతి. ముదురు నీలంరంగులో మెరిసే పెద్ద సాలీడు ఒకటి మన రాయలసీమ గుత్తి పేరుతో ప్రపంచమంతా తెలుసు. 1899లో దాన్ని మొదటిసారి శాస్త్రానికి పరిచయం చేసిన బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్‌కి దొరికిన నమూనా గుత్తి రైల్వే కలప యార్డులోదే. అడవి చెట్ల తొర్రల్లో బతికే జీవి కలపతోపాటు ఊళ్ళోకి వచ్చింది. ఇవాళ అది అంతరించిపోయే అంచున ఉంది. నల్లమల చుట్టుపక్కల ఉన్నవాళ్ళు కట్టెల మోపులో అలాంటిది కనబడితే దయచేసి చంపకండి, అటవీశాఖ వాళ్ళకి చెప్పండి.

గోడకి తగిలే తీగలు, కొమ్మలు ఒక అడుగు దూరానికి కత్తిరించండి. మల్లెపందిరి కిటికీ మీదికి పాకి ఉంటే చాలు, మిగతావన్నీ చేసినా సాలీళ్ళకి నిచ్చెన వేసినట్టే.

నాలుగో పని: బూజు దులపడం

ఇప్పుడు బూజుకర్ర తీయండి. మంగళ, శుక్రవారాల్లో దులపకూడదనే పట్టింపు చాలా ఇళ్ళల్లో ఉంటుంది కనుక రోజు ముందే అనుకోండి. పనికి పగటిపూట, ఎండ ఉన్న రోజే మేలు. మూలలు కనబడతాయి, కిటికీలు తెరిచిపెట్టొచ్చు.

తలకి గుడ్డ, ముక్కుకి మాస్కు, కళ్ళజోడు. ఈ మూడూ తప్పనిసరి. తలెత్తి పైకి చూస్తూ దులుపుతాం, బూజంతా కళ్ళల్లోనే పడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు ఆ గదిలో ఉండకూడదు. ఫ్యాను స్విచ్ ఆర్పితే చాలదు. దులుపుతుండగా ఎవరో ఒకరు అలవాటుగా వేసేస్తారు, కనుక ఆ గది ఎంసీబీనే (ఆ గదికి కరెంటు మొత్తం ఆపే స్విచ్‌ని) దించేయండి. మంచినీళ్ళ బిందెలు, వంటింటి డబ్బాలు మూతలు పెట్టి పైన దుప్పటి కప్పండి.

పైనుంచి కిందికి, లోపలి గదుల నుంచి వీధి గుమ్మం వైపు రావాలి. ముందుగది దులిపి తర్వాత లోపలికి పోతే సాలీళ్ళు లోపలికే పారిపోతాయి.

అసలు మెళకువ చేతిలో ఉంది. చీపురుతో కొట్టొద్దు, చుట్టండి. కర్రని గూటికి ఆనించి నెమ్మదిగా తిప్పితే వల మొత్తం చీపురుకి చుట్టుకుని వస్తుంది. కొడితే సగం గోడకి నలుపు గీతలా అంటుకుంటుంది, సగం నెత్తిన పడుతుంది. సున్నం వేసిన గోడకి పొడి చీపురే వాడాలి, తడి తగిలితే మరక పడుతుంది. పెయింటు వేసిన గోడకైతే చీపురుకి పాత నూలుగుడ్డ చుట్టి, కాస్త తడిపి, గట్టిగా పిండి వాడండి. దుమ్ము రేగదు, వల గుడ్డకి అంటుకుంటుంది. ప్రతి గదికీ ఒకసారి గుడ్డ విప్పి జాడించండి.

ఇక గుడ్లు. బూజు మళ్ళీ మళ్ళీ రావడానికి ఇవి ముఖ్య కారణం. చాలా సాలీళ్ళు గుడ్లని శనగగింజంత నుంచి కందిగింజంత దాకా ఉండే తెల్లటి, గోధుమరంగు పట్టు సంచుల్లో పెట్టి మూలల్లో దాస్తాయి. ఫోటోఫ్రేముల వెనక, కర్టెన్ల పైమడతల్లో, స్విచ్‌బోర్డు అంచుల్లో, డైనింగ్ టేబుల్ బల్ల అడుగున చేయిపెట్టి తడిమి చూడండి. కనబడిన సంచినల్లా తీసి సబ్బునీళ్ళ బొచ్చెలో వేయండి. పొడుగుకాళ్ళ సాలీడు మాత్రం సంచి కట్టి దాచదు. తల్లి గుడ్లగుత్తిని నోటితో పట్టుకుని తిరుగుతుంది. పెద్ద గోధుమరంగు సాలీడు బిళ్ళలాంటి తెల్లటి సంచిని పొట్టకింద మోసుకుపోతుంది. అలాంటి తల్లిని ఇంట్లోనే చెదరగొడితే సంచి పగిలి పిల్లలన్నీ గదిలోనే పరుచుకుంటాయి. దాన్ని నెమ్మదిగా బయటికి పంపే పద్ధతి కింద చెప్తాను.

దులిపిన బూజుని ఊడ్చి గుమ్మం పక్కన పోయొద్దు. సాలీళ్ళు చావకుండా ఉంటాయి, గంటలో తిరిగొస్తాయి. కవర్లో వేసి మూతికట్టి దూరంగా పారేయండి. వాక్యూమ్ క్లీనర్ వాడేవాళ్ళు పని కాగానే దాని సంచి బయటే దులపాలి.

దులిపేటప్పుడు గోడకి గుమ్మడిగింజ ఆకారంలో బూడిదరంగు సంచులు వేలాడుతూ, నెమ్మదిగా కదులుతూ కనబడతాయి కదా. అవి సాలీళ్ళు కావు. ఒక చిన్న రెక్కల పురుగు పిల్లలు ఆ గూట్లో ఉండి ఇల్లు మోసుకుని తిరుగుతాయి. వాటి తిండిలో ముఖ్యమైనది పాత బూజే. బూజు పోతే అవీ తగ్గిపోతాయి. ఇక తలుపు పైన, సజ్జల కింద కందిరీగ కట్టిన మట్టిగూళ్ళు ఉంటే, పాతది ఒకటి విరగ్గొట్టి చూడండి. అందులో కుక్కి ఉన్నవి తరచుగా సాలీళ్ళే. తన పిల్లల తిండికని కందిరీగ వాటిని కుట్టి, కదలకుండా చేసి తెచ్చి దాస్తుంది. పిల్లలు తిరగని చోట ఉన్న గూటిని నేను ముట్టుకోను.

దీపావళికి ముందు మళ్ళీ

మొదటిసారి మన కంటికి ఆనని గుడ్లు రెండు మూడు వారాల్లో పిల్లలవుతాయి. కనుక దసరాకి ముందు దులిపితే, దీపావళికి ముందు మళ్ళీ ఒకసారి. ఈసారి ఇల్లంతా అక్కర్లేదు. లైట్ల చుట్టూ, మూలలు, కిటికీ సజ్జలు, మంచాల కింద చూస్తే అరగంటలో అయిపోతుంది. ఈ రెండో విడత మానేస్తేనే కార్తీక పౌర్ణమికి ఇల్లు మొదటికొచ్చేది.

మందులు, వాసనలు

దోమల స్ప్రే నేరుగా మీద పడితే సాలీడు చస్తుంది. కానీ పట్టు సంచిలోని గుడ్లకి అది సరిగ్గా చేరదు. మందు కొట్టడానికి ఒకసారి ఒక కంపెనీ వాళ్ళని పిలిచాం. ఇల్లంతా కొట్టి డబ్బులు తీసుకుని వెళ్ళారు. మూడు వారాలకి వంటింటి మూలలో నూకల్లాంటి పిల్ల సాలీళ్ళు బారులు తీరాయి. లైటూ, కంతలూ అలాగే ఉంచి మందు మీద ఖర్చు పెట్టడం దండగని నా అభిప్రాయం. చంటిపిల్లలున్న ఇంట్లో అయితే అసలు వద్దు.

పుదీనా నూనె, నిమ్మనూనె గురించి అందరూ చెప్తుంటారు. 2018లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వీటిని మూడు రకాల సాలీళ్ళ మీద పరీక్షించారు. నిమ్మనూనెకి ఏ ఒక్కటీ కదల్లేదు. పుదీనా నూనె రెండు రకాల్ని దూరం పెట్టింది, మూడోదాన్ని పెట్టలేకపోయింది. ఆ మూడూ మన మూలల్లో బూజు పెట్టే పొడుగుకాళ్ళ సాలీడు జాతివి కావు. పుదీనా నూనె కిటికీ అంచుకి రాసి చూడాలనిపిస్తే చూడండి, కానీ వాసన ఒకటి రెండు రోజుల్లో పోతుంది, మళ్ళీ రాయాలి. దానిమీదే ఆధారపడకండి.

పెద్ద సాలీడు గోడ మీద కనబడితే

వెంటనే చీపురు విసరొద్దు. అది చాలా వేగంగా పరుగెడుతుంది, మంచం కిందికో బీరువా వెనక్కో పోతే ఆ రాత్రి మీకు నిద్ర ఉండదు. వెడల్పు మూతి ఉన్న గాజు సీసా గానీ ప్లాస్టిక్ డబ్బా గానీ తీసుకుని నెమ్మదిగా పైనుంచి బోర్లించండి. పాత శుభలేఖ ఒకటి తెచ్చి గోడకీ సీసాకీ మధ్య జరపండి. శుభలేఖ అట్ట దళసరిగా, నున్నగా ఉంటుంది కనుక సులువుగా దూరుతుంది. అలాగే పట్టుకెళ్ళి పెరటి చివర చెట్టు దగ్గర వదిలేయండి. చేతితో పట్టుకోవద్దు. నలిగితే కరుస్తుంది, నొప్పి ఉంటుంది. కరిస్తే సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి. వాపు పెరుగుతున్నా, జ్వరం, కండరాలు పట్టేయడం, ఊపిరాడకపోవడం లాంటివి కనబడినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

చంపొద్దని ఇంతగా చెప్పడానికి నాకు రెండు కారణాలున్నాయి. వరిచేలో పైరు రసం పీల్చే దోమపోటు పురుగుని తినేవాటిలో సాలీడు ముందుంటుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు దాన్ని రైతుకి మిత్రపురుగుల్లో లెక్కేస్తారు. మా చేలో ఉండాల్సినది మా ఇంట్లోకి వచ్చిందంటే తిరిగి చేనుకి పంపాలి. రెండోది చిన్నప్పటి నుంచి విన్న శ్రీకాళహస్తి కథ. శ్రీ అంటే సాలెపురుగు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. స్వర్ణముఖి ఒడ్డున శివుడికి తన దారాలతో గుడికట్టిన ఆ సాలెపురుగు పేరే ఆ క్షేత్రానికి మొదట వస్తుంది. ఆ కథ వింటూ పెరిగినదాన్ని, చెప్పుతో కొట్టడానికి నాకు చెయ్యి రాదు.

'సాలీడు పాకింది' అనుకునే పొక్కులు

ఇదే కాలంలో పొద్దున లేచేసరికి మెడ మీదో, కంటి పక్కనో ఎర్రటి చార, మీద పొక్కులు, మంట. సాలీడు పాకిందనీ, ఉచ్చపోసిందనీ అంటారు. మా అమ్మాయికి ఏడో తరగతిలో మెడ మీద అలా వస్తే మేమూ అదే అనుకుని ఇల్లంతా సాలీళ్ళ కోసం వెతికాం. డాక్టరు చూసి అది సాలీడు పని కాదన్నారు. లైటుకి వచ్చే ఒక సన్నటి పెంకు పురుగు ఉంటుంది. పొడవు సుమారు సెంటీమీటరు లోపు, నారింజ, నలుపు పట్టీలతో చూడ్డానికి చీమలా ఉంటుంది. చేలల్లో, తేమ నేలల్లో బతుకుతుంది. అది కరవదు, కుట్టదు. ఒంటి మీద వాలినప్పుడు మనం చేత్తో నలిపితే దాని ఒంట్లోని ద్రవం చర్మాన్ని కాలుస్తుంది. మంట, పొక్కులు వెంటనే రావు, ఒక రోజు తర్వాత తేలతాయి. కనుకనే ఎప్పుడు జరిగిందో తెలియదు.

అలాంటి పురుగు ఒంటి మీద వాలితే నలపకుండా ఊది పంపేయండి. పొరపాటున నలిగితే వెంటనే సబ్బునీళ్ళతో బాగా కడగండి. ఆ చేత్తో కళ్ళు రుద్దుకోవద్దు. పడుకునే ముందు దుప్పటి, దిండు దులుపుకోండి, మంచం సరిగ్గా లైటు కింద ఉంటే జరపండి. పొక్కులు ఎక్కువగా ఉన్నా, కంటి దగ్గర ఉన్నా డాక్టరుకి చూపించండి. వరండా బల్బు మార్చడం దీనికి కూడా పనిచేస్తుంది.

అపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళకి

ఎనిమిదో అంతస్తుకి సాలీడు ఎలా వచ్చిందని హైదరాబాదులో ఉండే మా చెల్లి అడుగుతుంటుంది. పిల్ల సాలీళ్ళు ఎత్తైన చోటికి ఎక్కి, సన్నటి దారం గాల్లోకి వదులుతాయి. గాలికి ఆ దారంతోపాటు తేలిపోతాయి. 1832లో డార్విన్ ప్రయాణిస్తున్న ఓడ ఒడ్డుకి 60 మైళ్ళ దూరంలో ఉండగా తాళ్ళ నిండా ఇలా తేలివచ్చిన పిల్ల సాలీళ్ళు కనబడ్డాయి. అంత సముద్రం దాటినవాటికి మన బాల్కనీ ఒక లెక్క కాదు. కనుక పైఅంతస్తుల్లో బాల్కనీ వైపు మెష్ తలుపు, బాల్కనీలో పసుపు లైటు, గ్రిల్లు మూలల్లో వారానికోసారి పొడిగుడ్డ, ఇవి ముఖ్యం. కారిడార్లలో రాత్రంతా వెలిగే తెల్ల లైట్ల సంగతి అసోసియేషన్ మీటింగులో అడగండి. ఒక అంతస్తులో ఒక్క బల్బు మార్చి నెల రోజులు చూడమంటే ఎవరూ కాదనరు.

మా వైపు నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలైపోతాయి. చేలు ఖాళీ అయ్యాక లైటుకి వచ్చే పురుగు కనబడేంతగా తగ్గుతుంది. అప్పటిదాకా పసుపు బల్బు తీయకండి. దాళ్వా (సార్వా తర్వాత వేసే రెండో పంట) వేసే ఊళ్ళల్లో అయితే నాట్లు పడి పైరు లేచేసరికి పురుగు మళ్ళీ మొదలవుతుంది కనుక, మేము దాన్ని ఏడాదంతా అలాగే ఉంచేస్తున్నాం.